‘సమాజం’ అంటే అమ్మ ఒక్కతేనా?

వికలాంగుల పునరావాసం మాటెత్తితే మన డాక్టర్ల నోట ముందు వచ్చేది ‘క్యాంపు’. కొలతలు తీసుకుంటారు, కాలిపరో మూడు చక్రాల బండో ఇస్తారు, ఫొటో దిగుతారు. సమాజ ఆధారిత పునరావాసమంటే ఇదేనని వారిలో చాలామంది నిజాయితీగానే నమ్ముతున్నారు. అసలు చిక్కు అక్కడే ఉంది.

1978 ఆల్మా ఆటా ప్రకటన తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతిని ముందుకు తెచ్చింది. 2010లో అదే సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఆరోగ్యం ఐదింట ఒక భాగం మాత్రమే. చదువు, జీవనోపాధి, సామాజిక జీవితం, సాధికారత మిగతా నాలుగు. ఆ నాలుగూ తమ పని కాదని మనవాళ్లు పక్కన పెట్టేశారు.

తిరుపతి బర్డ్ ఆస్పత్రిలో జరిగిన ఆపరేషన్లు పోలియో సోకిన ఎందరినో నిలబెట్టాయి. దాన్ని తక్కువ చేయడం లేదు. కానీ ఏ పెద్దాస్పత్రి అయినా కుప్పం నుంచో పలమనేరు నుంచో వచ్చిన బిడ్డను ఇంటికి పంపేటప్పుడు ‘రోజూ వ్యాయామం చేయించండి’ అంటుంది. ఈ ‘చేయించండి’ ఎవరికి చెప్పిన మాట? తండ్రికి కాదు. తెల్లారకముందే పాలు పితికి కేంద్రంలో పోసి, వేరుశనగ చేలో కూలికి పోయే తల్లికి. పూటపూటా బిడ్డ కాళ్లు చాపించి, వంచి, ఎత్తుకుని బడికి చేర్చే సరికి ఆమె కూలి పోతుంది. చేయలేకపోతే ‘తల్లి శ్రద్ధ పెట్టలేదు’ అన్న నింద. ఊరంతా పంచుకోవాల్సిన పనిని ఒక ఆడమనిషి నెత్తిన పెట్టి, దానికి ‘సమాజ ఆధారితం’ అని పేరు! వికలాంగుల్ని దివ్యాంగులని పిలవడం నేర్చినంత సులువుగా ఈ చాకిరీకి లెక్క కట్టడం మాత్రం ఎవరూ నేర్వలేదు.

2024 జులైలో రాష్ట్ర ప్రభుత్వం వికలాంగుల పింఛను నెలకు 6000 రూపాయలు చేసింది. మంచిదే. కానీ 2016 వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్‌లో, ఎక్కువ తోడు అవసరమైనవారికి సంరక్షకుల భత్యం మాట కూడా ఉంది. ఆ సంగతి తల్లికి చెప్పే డాక్టర్లు ఎంతమంది?

ఇక వికలాంగులు స్త్రీలే అయితే? 2011 జనాభా లెక్కల్లో దేశంలోని 2.68 కోట్ల వికలాంగుల్లో 1.18 కోట్ల మంది ఆడవాళ్లు. నెలసరి గురించి, కాన్పు గురించి వాళ్లతో మాట్లాడరు; పక్కనున్న అత్తతోనో అన్నతోనో మాట్లాడతారు. మనిషి ఇష్టపూర్వక అంగీకారం లేకుండా పిల్లలు పుట్టకుండా చేసే ఏ చికిత్సా చేయరాదని అదే చట్టం 10వ సెక్షన్ చెబుతోంది.

వెలుగు పథకం కాలంలో మన పల్లెల్లో వికలాంగులు సంఘాలు కట్టుకున్నారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టర్లు అలాంటి సంఘాల సమావేశాలకు వచ్చి చాప మీద కూర్చోవాలి. వ్యాయామం నేర్పే రోజు తండ్రినీ పిలిపించాలి. ఆ తల్లి పోగొట్టుకున్న కూలి ఎవరిస్తారో అక్కడే తేల్చాలి.