నునుపు చేసిన చెయ్యి ఎవరిది?

మా పక్కింటావిడ గృహప్రవేశానికి ఎవరో మైసూరు చెక్కబొమ్మ కానుకిచ్చారు. ఏనుగుల గుంపు, వెనక కొండలు, పైన సూర్యుడు. "ఎంత బాగా రంగులేశారో చూశారా వదినా!" అంది మురిసిపోతూ. అందులో చుక్క రంగు లేదమ్మా అంటే ఓ పట్టాన నమ్మలేదు. ఆవిడ తప్పేం లేదు లెండి, మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను.

అంతా చెక్కే. అడుగున ఉన్నది రోజ్‌వుడ్, మనం జిట్రేగి అంటామే, అది. పసుపు పచ్చని సూర్యుడు పనస. తేనెరంగు పొలం టేకు. ఏ చెట్టు రంగు ఆ చెట్టుదే. ఒకే టేకు ముక్కని నిలువుగా పెడితే ఒక ఛాయ, అడ్డంగా తిప్పితే ఇంకో ఛాయ. నీళ్ళు చూపించాలంటే అలల్లా చారలున్న ముక్క దొరికేదాకా వెతుకుతారు. చీరకి సరిపోయే జాకెట్టు గుడ్డ కోసం మనం నాలుగు కొట్లు తిరగమూ? అలాగన్నమాట.

ఈ విద్య ఒక్క మైసూరుదే కాదు. ఇటలీలోని ఉర్బినో రాజభవనంలో ఓ చిన్న గది గోడల మీద సగం తెరిచిన బీరువాలు, వాటిలో పుస్తకాలు, వాద్యాలు 15వ శతాబ్దంలోనే చెక్కముక్కలతో కూర్చారు. వాళ్ళు దాన్ని ఇంటార్సియా అంటారు. మైసూరులో ఒకప్పుడు ఏనుగుదంతం పొదిగేవారు. 1912లో పూర్తయిన అక్కడి రాజభవనంలో దంతం పొదిగిన తలుపులు ఇప్పటికీ ఉన్నాయి. దంతం వ్యాపారం మీద 1986లో, మళ్ళీ 1991లో నిషేధాలు వచ్చాక ఆ చోటు ప్లాస్టిక్కుకీ, లేతరంగు చెక్కకీ దక్కింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, కొన్నేళ్ళ కిందట మైసూరులో అలాంటి పని జరిగే ఒక ఇంటికి వెళ్ళాను. ముందు గదిలో మగవాళ్ళు. బొమ్మ గీసిన కాగితం చెక్కకు అంటించి, దారంలాంటి సన్నని రంపంతో కోసి, ముక్కని గాడిలో బిగిస్తున్నారు. వెనక వరండాలో ఇద్దరు ఆడవాళ్ళు గరుకు కాగితంతో బొమ్మని రుద్దుతున్నారు. ముందు ముతక కాగితం, తర్వాత సన్నది, ఆఖరున పాలిష్. జుట్టు నిండా, కనురెప్పల నిండా పొడి. ముక్కుకి కొంగు తప్ప ఇంకేం లేదు. రోజ్‌వుడ్ పొడి కొందరికి ఒంటికి పడదు, దద్దుర్లు, దగ్గు తెస్తుంది. ఏ చెక్క పొడైనా ఏళ్ళ తరబడి పీలిస్తే ప్రమాదమే.

వాళ్ళలో పెద్దావిడని నాకొచ్చిన కొద్దిపాటి కన్నడంలో అడిగాను, "మీకు కళాకారుల గుర్తింపు కార్డు ఉందా?" అని. నవ్వేసింది. "మాదేముందమ్మా, మేం రుద్దుతాం అంతే. పనిమంతులు వాళ్ళు" అని ముందు గది వైపు చూపించింది.

ఆ "అంతే" నాకు మింగుడు పడలేదు. ముక్కలు ఎంత చక్కగా కోసినా, రుద్దకపోతే అది ఎగుడుదిగుడు పలకే. ఒకచోట చెయ్యి ఎక్కువ పడితే పలుచని ముక్క అరిగిపోయి రోజుల తరబడి చేసిన పని పాడవుతుంది. అంత ఒడుపున్న పనిని సాయం అని ఎవరు తేల్చారు? వంటింట్లో మన పనికీ ఇదే మాట వాడతారనుకోండి.

రంపం ఆడవాళ్ళ చేతికి రాదంటారు. నెల్లూరు వైపు ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు చేసే ఆడవాళ్ళు ఆ మాట వింటే ఏమంటారో! సన్నని రంపానికి కావలసింది భుజబలం కాదు, ఓపిక. మన అమ్మాయిలకి అల్లికలు, కుట్లు నేర్పే శిక్షణ కేంద్రాల్లో ఒక మూల ఈ బల్ల కూడా వేస్తే ఏం పోయింది? పొడికి తగిన మాస్కు, పొడిని లాగేసే ఫ్యాను దగ్గర పెట్టే నేర్పాలి సుమా. ఆ కార్డు కూడా కోసినవాళ్ళకీ, రుద్దినవాళ్ళకీ విడివిడిగా రావాలి. ఇంటికొకటి చాలు అంటే మాత్రం నేను ఒప్పుకోను.

పక్కింటావిడకి ఇదంతా చెప్పాను. కాసేపు ఏనుగు వీపు మీద వేలితో తడుముతూ ఉండిపోయింది. "ఎక్కడా అతుకు తగలడం లేదు వదినా" అంది. ఆ పటాన్ని కిటికీ ఎదురుగా తగిలించింది. తీయించేశాను. ఎండ పడితే పనస సూర్యుడు గోధుమరంగుకి దిగిపోతాడు.