ఐరిషు భాష - అవ్వతాతల కథలు

ఒక జాతి తన భాషను కోల్పోవుటకు రెండు మూడు తరములు చాలును. ఐర్లండు దేశ చరిత్రమే ఇందులకు సాక్ష్యము. 1831లో ఆంగ్ల ప్రభుత్వ మచ్చట నెలకొల్పిన ప్రాథమిక పాఠశాలలలో బోధన ఆంగ్లముననే సాగెను. కొన్ని ప్రాంతములందు పిల్లవాని మెడలో ఒక కఱ్ఱను వ్రేలాడగట్టి, అతడు ఐరిషున మాటాడిన ప్రతిసారియు దానిపై నొక గాటు పెట్టెడివారు. పిమ్మట గాటులను లెక్కించి దండించెడివారు. తలిదండ్రులలో పెక్కురు దీని కంగీకరించుట విచారకరమే. అయినను వారిని నిందించుట తగదు. 1845 మొదలుకొని కొన్నియేండ్లు బంగాళాదుంపల పంట కుళ్లి ఘోరమైన క్షామము వచ్చెను. సుమారు పది లక్షల మంది మరణించిరి. మరి పది లక్షల మంది ఓడలెక్కి పరదేశములకు పోయిరి. ఓడ దిగిన చోట కూడు పెట్టునది ఆంగ్లమే. కడుపు కాలువానికి భాషాభిమానము బోధించుట న్యాయము కాదు.

డగ్లసు హైడు అను పండితుడు 1893లో మిత్రులతో గూడి గేలికు లీగును స్థాపించి, ఐరిషును మరల వ్యాప్తికి దెచ్చుటకు పూనుకొనెను. 1937 నాటి రాజ్యాంగము దానిని ప్రథమాధికార భాషగా ప్రకటించెను. మరుసటి యేట ఆ హైడే దేశమునకు తొలి అధ్యక్షు డయ్యెను.

ఆ 1937లోనే ఇంతకంటె విలువైన పని యొకటి ఆరంభమయ్యెను. దానిని చేసినవారు పదునొకండు మొదలు పదునాలుగేండ్ల వయస్సు గల బాలబాలికలు. ఐరిషు జానపద సంఘము కోరగా, వ్యాసరచనకు కేటాయించిన కాలమున వారు తమ యూరి ముసలివారి నడిగి తెలిసికొన్న విషయములను వ్రాయసాగిరి. దయ్యముల కథలు, పాతిపెట్టిన ధనము ముచ్చటలు, పొడుపుకథలు, సామెతలు, ఆటలు, నాటువైద్యములు, వాన రాకను దెలుపు గుర్తులు: ఏదియు తక్కువదని విడువలేదు. సుమారు 5,000 పాఠశాలలకు చెందిన 50,000 మందికి పైగా పిల్లల కృషి ఫలితముగా దాదాపు 7,40,000 పుటలు సమకూడెను. అందు హెచ్చుభాగ మాంగ్లమున నుండుట నిజమే. అప్పటికే ఊళ్ల భాష మారిపోయియుండెను. అయినను, ఒకప్పుడు అవ్వతాతల మాటను నోట రానీయని బడియే, ఇప్పుడు వారికడకు పోయి వినుమని పిల్లలను పంపెను. పండితుల వాదములకంటె ఈ పనియే గొప్పది.

ఆ పుటలను నేడు అంతర్జాలమున ఎవరైనను చదువవచ్చును. అంతమాత్రమున కార్యము నెరవేరినదని తలంచుట పొరపాటు. కెర్రీ ప్రాంతమున షాన్ ఓ కోనల్ అను కథకు డుండెను. చదువు వ్రాతలు లేని రైతు. వినవచ్చువారు తగ్గిపోగా, కథలను మరచిపోదునేమో యను భయముచే అతడు ఒంటరిగా నున్నప్పుడు వానిని బిగ్గరగా చెప్పుకొనెడివాడు. అతడు 1931లో మరణించెను; 1948లో అతని కథలు గ్రంథముగా వెలువడెను. గ్రంథము మిగిలినది, శ్రోతలు మిగులలేదు.

2022 జనాభా లెక్కలలో 18,73,997 మంది తమకు ఐరిషు మాటాడ వచ్చునని తెలిపిరి. పాఠశాలల వెలుపల ప్రతిదినము మాటాడువారు 71,968 మంది మాత్రమే. అదే సంవత్సరము ఐరోపా సమాఖ్యలో ఆ భాషకు పూర్తి హోదా లభించెను. ఐరిషు మాధ్యమముగా గల బడులును నగరములలో నడచుచున్నవి. ఆ భాష భవిష్యత్తు నెఱుగగోరువారు, ఆ బడుల పిల్లలు ఆటస్థలమున ఏ భాషలో జగడమాడుకొనుచున్నారో ముందు విచారించుట మేలు.