సొంతింట్లో పర్యాటకులు

సంక్రాంతి వారం రోజులుందనగా పర్చూరు నుంచి పెదనందిపాడు వైపు వెళ్తే దారి పొడుగునా ఊళ్లలో తాళాలు తీస్తున్న చప్పుడే. ఏడాదంతా మూసి ఉన్న డాబాలు అవి. పక్కింటివాళ్లు బూజు దులిపి, కళ్లాపి చల్లి, మోటారు వేసి ట్యాంకు నింపుతారు. చేలల్లో ఆఖరి పత్తి తీత సాగుతూ, మిరప కోతలు మొదలయ్యే వేళకి డాలస్ నుంచో సిడ్నీ నుంచో ఇంటివాళ్లు దిగుతారు. వాళ్లున్న మూడు వారాలూ అరుగుల మీద మాటలు వినిపిస్తాయి. తర్వాత మళ్లీ తాళం.

మా మేనత్త కొడుకుదీ అలాంటి ఇల్లే. తండ్రి పత్తి పండించిన నాలుగెకరాలు కౌలుకిచ్చి, పాత పెంకుటిల్లు ఉన్న చోటే కట్టుకున్నాడు. పోయిన సంక్రాంతికి మెల్‌బోర్న్ నుంచి వస్తూ అక్కడ వాడుకున్న టీవీ, కాఫీ కాచే యంత్రం, పిల్లలు సంగీతం నేర్చుకున్న కీబోర్డు వెంట తెచ్చాడు. విమానాశ్రయంలో తనంతట తానే రెడ్ చానల్‌కి వెళ్లి అన్నీ చూపించాడు. ఎన్నాళ్లుంటారని అడిగారు. ఇరవై రోజులన్నాడు. లెక్క కట్టి సుంకం చెప్పారు, కట్టి వచ్చాడు. అధికారి మర్యాదగానే మాట్లాడాడట. ఊరు చేరాక నాతో అన్న మాట ఒకటే: “డబ్బు సంగతి కాదు బావా. మా నాయన కట్టిన గోడ పక్కన ఇల్లు కట్టుకున్న నేను ఆ కాగితాల్లో టూరిస్టునట.”

ఆ మాట చట్టంలోదే. ఇక్కడ మామూలుగా నివసించకుండా, పన్నెండు నెలల్లో ఆరు నెలలు మించకుండా ఉండి వెళ్లేవారు బ్యాగేజీ నిబంధనల దృష్టిలో పర్యాటకులు. మనవాళ్లయితే ‘భారత సంతతి పర్యాటకులు’. 2016 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన నిబంధనలు వాళ్లకి రూ.50 వేల విలువైన వస్తువుల దాకా సుంకం వద్దన్నాయి. 2026 ఫిబ్రవరిలో వచ్చిన కొత్త నిబంధనలు దాన్ని రూ.75 వేలు చేశాయి. బంగారు నగల విషయంలో జరిగిన మార్పు ఇంకా మేలైంది. ఏడాదికి పైగా విదేశంలో ఉండి వచ్చే స్త్రీకి 40 గ్రాములు అని పాత నిబంధన చెబుతూనే, విలువ లక్ష దాటకూడదని ముడి పెట్టింది. పది గ్రాములే లక్ష దాటాక 40 గ్రాములన్న మాటకి అర్థం లేకుండా పోయింది. ఇప్పుడు విలువతో పని లేదు, తూకమే. స్త్రీలకి 40, మిగిలినవారికి 20 గ్రాములు.

ఇంటి సామాను దగ్గరే చిక్కంతా ఉంది. మకాం ఎత్తేసి ఇక్కడికి వచ్చేసేవారికి వేరే పెద్ద మినహాయింపు ఉంది. ఏటా నెల రోజులు వచ్చి పోయేవారికి అది వర్తించదు. పలచటి టీవీలనైతే 2013 ఆగస్టు 26 నుంచి ఉచిత పరిమితిలోంచే తీసేశారు. ధరలో మూడో వంతుకు పైగా సుంకం పడింది. ఓడలో విడిగా పంపుకుందామంటే అలా వచ్చే సామానుకి ఈ ఉచిత పరిమితే లేదు.

మరోపక్క విదేశీ మారక చట్టం చూడండి. ప్రవాసులూ, విదేశీ పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు పొందినవారూ ఇక్కడ ఇల్లు కొనుక్కోవచ్చంటుంది. పొలం కొనకూడదు గానీ వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చంటుంది. ఇంటి పన్ను పంచాయతీ ఎలాగూ వసూలు చేస్తుంది. ఇంటి యజమానిగా ప్రవాసిని అన్నిచోట్లా గుర్తిస్తున్నారు, ఆ ఇంట్లోకి సామాను తెచ్చుకునే గడప దగ్గర తప్ప.

దీనికి దారి కనిపెట్టిన దేశం ఉంది. కెనడాలో ఏడాదిలో కొన్నాళ్లే ఉండి వెళ్లే విదేశీయులకి సొంత ఇల్లున్నా, కనీసం మూడేళ్ల లీజు ఉన్నా వాళ్లని ‘సీజనల్ రెసిడెంట్’ అని ప్రత్యేక వర్గంగా చూస్తారు. ఆ ఇంటికి కావలసిన సామాను ఒకేఒక్కసారి సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. అప్పటికే తాము వాడుతున్న వస్తువులై ఉండాలి. మొదటిసారి వచ్చినప్పుడే, వెనక రాబోయేవాటితో సహా, జాబితా ఇవ్వాలి. ఏడాదిలోపు అమ్మితే సుంకం కట్టాలి.

మన దగ్గరా ఇంతపాటి నిబంధన పెట్టాలని నా కోరిక. జీవితంలో ఒకసారి చాలు. ఇంటి పన్ను రసీదు, వాడిన సామాను జాబితా చూపించమనండి. వ్యాపారం కోసం టీవీలు మోసుకొచ్చేవాళ్ల దగ్గర ఆ రసీదు ఉండదు. పన్ను కట్టబోమని 1921-22లో పరాయి ప్రభుత్వానికి ఎదురు నిలిచిన పెదనందిపాడు ఫిర్కా మాది. ఇప్పుడు మేం అడిగేది పన్ను ఎగ్గొట్టే వీలు కాదు, ఊరివాణ్ని ఊరివాడిగా లెక్కలో రాసుకోమని.

మొక్కలు, విత్తనాల సంగతి వేరు. అక్కడ నేను ఒక్క అంగుళం సడలింపూ అడగను. పెరట్లో వేద్దామని పూల విత్తనాలో, దుంపలో, చిన్న మొక్కో సూట్‌కేసులో పెట్టుకొచ్చేవాళ్లని చూశాను. దయచేసి మానండి. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు వాటికి అనుమతులు అడుగుతుందంటే కారణముంది. 2021-22లో నల్ల తామర పురుగు మిరప పూతనంతా రాల్చేస్తే గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులు నిలువునా మునిగారు. మందు మీద మందు కొట్టి, చివరికి చేనే దున్నేసినవాళ్లున్నారు. అది ఈ నేలలో పుట్టిన పురుగు కాదు, దేశం దాటి వచ్చినది. అందుకే అమెరికా వెళ్లే అమ్మల సంచీల్లోంచి కరివేపాకు, బియ్యం తీసేస్తే నాకు కోపం రాదు. కరివేపాకు మీద వచ్చే చిన్న పురుగు వాళ్ల నారింజ తోటలకి తెగులు అంటిస్తుంది, బియ్యంలో వచ్చే ఖప్రా పురుగు గోదాముల్లో గింజలని తినేస్తుంది. ఆవకాయ, కారప్పొడి పట్టుకెళ్లండి. ఫారంలో తిండి వస్తువులున్నాయని మాత్రం రాయండి. రాస్తే మహా అయితే వద్దన్నది తీసేస్తారు, దాస్తే జరిమానా వేస్తారు.

పిల్లల దగ్గరికి వెళ్లే తల్లులకి మరో మాట. నానుతాడు, గాజులు, చంద్రహారం వేసుకుని వెళ్తే, విమానం ఎక్కేముందే కస్టమ్స్ వాళ్లకి చూపించి ఎగుమతి ధ్రువపత్రం తీసుకోండి. తిరిగొచ్చినప్పుడు ఆ నగలు ఇక్కడి నుంచి వెళ్లినవేనని చెప్పేది ఆ కాగితమే. మన ఊళ్లలో చాలామంది ఆడవాళ్లకి ఈ సంగతే తెలియదు. టికెట్ తీసే కొడుకులూ కూతుళ్లూ ఫోన్లో ఒక్క మాట చెప్పి, బయల్దేరే రోజు మరో గంట ముందు ఇంట్లోంచి కదిలేలా చూడాలి.

— నల్లరేగడి