నవ రాయ్‌పూర్: ఇళ్లున్నాయి, ఇరుగుపొరుగు ఏరీ?

ఛత్తీస్‌గఢ్ 2000 నవంబరు 1న ఏర్పడింది. రాయ్‌పూర్‌కు ఆగ్నేయంగా కట్టిన కొత్త రాజధానికి 2012లో సచివాలయం తరలింది. ఉద్యోగులు మాత్రం చాలామంది పాత ఊళ్లోనే ఉండి, రోజూ బస్సుల్లో వెళ్లివచ్చారు. హౌసింగ్ బోర్డు ఇళ్లు ఎన్నో ఏళ్లపాటు తాళాలతోనే కనిపించాయి.

కారణం ధర ఒక్కటే కాదు. జనం లేరని కిరాణా కొట్టు రాదు. కొట్టు, బడి, ఆసుపత్రి లేవని జనం రారు. పైగా పెట్టుబడి కోసం కొన్నవారు ఇంటికి తాళం వేసుకుంటారు. అమ్ముడైన ఇల్లు వేరు, కాపురమున్న ఇల్లు వేరు. ఈలోగా అప్పు చేసి కొన్న మధ్యతరగతి కుటుంబం ఇటు వాయిదా, అటు అద్దె రెండూ మోయాల్సిందే.

ఇంగ్లండ్‌లో 1903లో మొదలైన లెచ్‌వర్త్ ఉద్యాన నగరంలో ఇళ్లతోపాటే ఫ్యాక్టరీలు, రైలు వసతి ఆలోచించారు. నవ రాయ్‌పూర్‌ మీదుగా అభన్‌పూర్‌కు ప్యాసింజర్ రైలు నడిచింది 2025 మార్చి చివర్లో. సచివాలయం వెళ్లిన పుష్కరకాలానికి!

అమరావతికి ఇది హెచ్చరిక. 2018లో అమ్మకానికి పెట్టిన హ్యాపీనెస్ట్ ఫ్లాట్లు ప్రభుత్వం మారాక ఆగిపోయాయి. రెరా నమోదు చూస్తే అనుమతులు తెలుస్తాయి, ఇరుగుపొరుగు తెలియదు. కొనేవారు రాత్రి ఎనిమిదింటికి వెళ్లి, ఎన్ని కిటికీల్లో దీపాలు వెలుగుతున్నాయో లెక్కపెట్టుకోవడం మేలు. ప్రభుత్వాలు కూడా ఆ లెక్కతోనే రాజధానిని కొలవాలి.