కొనేవాళ్ల సందేహం తీర్చని ఖాతా ఎందుకు?

విశాఖలో ఫేస్‌బుక్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో ఖాతా లేని వ్యాపారం ఇప్పుడు అరుదు. గాజువాక ఆటోనగర్ యూనిట్ల దగ్గర్నుంచి బీచ్ రోడ్డు హోటళ్ల దాకా అందరికీ ఉంది. తెరిచి చూస్తే చాలావాటిలో పండగ శుభాకాంక్షలు, ప్రారంభోత్సవాల ఫొటోలు, శాలువాలు, జ్ఞాపికలే వరసగా కనిపిస్తాయి. సరుకు ధరెంత, ఎన్ని రోజుల్లో చేరుతుంది, పాడైతే ఎవరిని అడగాలి అన్నవాటికి జవాబు దొరకదు. డబ్బు తీయబోయే మనిషి ఏదో ఒక సందేహం దగ్గర ఆగుతాడు. ఆ సందేహం తీర్చడమే వ్యాపార ఖాతా అసలు పని అని నా వాదన. ఆ పని చేసే ఖాతాకు వెయ్యిమంది ఫాలోవర్లు చాలు. చెయ్యనిదానికి లక్షమంది ఉన్నా సరుకు కదలదు.

ఏటికొప్పాక లక్క బొమ్మల సంగతే చూడండి. వరాహ నది ఒడ్డునున్న ఈ ఊరు 2022 దాకా విశాఖ జిల్లాలో ఉండేది, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2020 ఆగస్టులో ప్రధాని 'మన్ కీ బాత్'లో ఇక్కడి బొమ్మల కళాకారుడు సి.వి.రాజు కృషిని ప్రస్తావించారు. 2023లో ఆయనకు పద్మశ్రీ దక్కింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో రాష్ట్ర శకటం మీద ఊరేగింది ఈ బొమ్మలే. ఇంత ప్రచారం కోట్లు పెట్టినా రాదు. అయినా పసిపిల్లకు గిలక్కాయ కొనబోయే తల్లి అడిగేది ఒక్కటే: నోట్లో పెట్టుకుంటే ఈ రంగుతో ప్రమాదం లేదు కదా? శకటం దానికి జవాబు చెప్పలేదు. పనిచోట తీసిన అర నిమిషం వీడియో చెబుతుంది. అంకుడు కర్ర లేత్ మీద గిర్రున తిరుగుతుంటే, రంగు కలిపిన లక్కను దానికి ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడుతుంది. సహజ రంగులు వాడేవాళ్లు పసుపును, జాఫ్రా గింజలను అక్కడే కెమెరా ముందు పెట్టి చూపించొచ్చు. ఇంకో చిక్కూ ఉంది. 2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. నమోదైన చేతివృత్తులవారి బొమ్మలకూ, భౌగోళిక గుర్తింపు కింద నమోదైనవారు చేసే బొమ్మలకూ మాత్రం మినహాయింపు ఇచ్చారు. ఈ సంగతి తెలియని కొనుగోలుదారు ముద్ర కోసం వెతికి, కనిపించక, నాసిరకమని పక్కన పెట్టేస్తాడు. నాలుగు వాక్యాల పోస్టు పేజీ పైన పిన్ చేసి ఉంచితే ఆ బేరం నిలుస్తుంది.

ఇలాంటివి ఎవరు చూస్తారు, ట్రెండింగ్ పాట లేకపోతే రీల్ కదలదు కదా అని అడిగేవారున్నారు. ఆ మాటలో నిజం ఉంది. జనాన్ని తెర ముందు ఎక్కువసేపు కూర్చోబెట్టేదాన్నే ఆ వేదికలు ముందుకు తోస్తాయి. అయితే చేతిపనికి ఓ హద్దు ఉంటుంది. కర్ర దొరకాలి, ఆరాలి, ఒక్కో బొమ్మా చేతి కింద తయారు కావాలి. లక్షలమంది చూసిన వీడియో వల్ల ఒక్కసారిగా వచ్చిపడే ఆర్డర్లను ఆ ఊరు ఎలా తీరుస్తుంది? ఆలస్యమైన ప్రతి పార్సిలూ ఒక చెడ్డ రివ్యూ అవుతుంది. విలువ తెలిసి, ఆ ధరకు సిద్ధపడి వచ్చే కొద్దిమందే ఈ పనిని నిలబెడతారు. డబ్బిచ్చి పొగిడించుకునే దారి కూడా ఇప్పుడంత సులువు కాదు. సొమ్ము పుచ్చుకుని చెప్పే మాటను ప్రకటన అని స్పష్టంగా చెప్పాలని 2023 జనవరిలో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు రూ.10 లక్షల దాకా జరిమానా పడొచ్చు.

బొమ్మలకు సరే, ఉక్కుకూ ఇదే సూత్రమా? కాంట్రాక్టర్లతో, టెండర్లతో నడిచే వ్యాపారానికి ఇన్‌స్టాగ్రామ్ ఎందుకన్నది బలమైన అభ్యంతరమే. కానీ ఈ నగరంలో ఉక్కు కొనేది కాంట్రాక్టర్లు మాత్రమే కాదు. జీవితంలో ఒక్కసారి ఇల్లు కట్టుకునే కుటుంబం కూడా డీలరు దగ్గర టన్నుల లెక్కన రాడ్డు కొంటుంది. అసలు సరుకేనా, తూకం సరిగ్గా ఉందా అని మేస్త్రీని అడుగుతుంది. 12 ఎం.ఎం. రాడ్డు మీటరుకు దాదాపు 0.89 కిలో తూగాలి. అంటే 12 మీటర్ల రాడ్డు పదిన్నర కిలోల పైచిలుకు ఉండాలి. ప్రమాణాలు అనుమతించే తేడా స్వల్పమే. డీలరు తన యార్డులో కాటా మీద ఒక రాడ్డు పెట్టి తూచి, దాని మీదున్న కంపెనీ ముద్రనూ గ్రేడునూ దగ్గరగా చూపించి, టెస్ట్ సర్టిఫికెట్ ఎలా చదవాలో రెండు ముక్కల్లో చెబితే చాలు. ఇల్లు కట్టుకునేవాళ్లకు అంతకు మించిన ప్రకటన అక్కర్లేదు.

ఖాతా మనదే అయినా స్థలం మనది కాదన్నది మాత్రం మరవకూడదు. 2020 జూన్ 29న టిక్‌టాక్ సహా 59 యాప్‌లను కేంద్రం నిషేధించినప్పుడు, వాటినే నమ్ముకున్నవారి ఫాలోవర్లందరూ పోయారు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ గంటల తరబడి మూగబోయాయి. కాబట్టి ఒకసారి కొన్నవారి పేరు, నంబరు వారి అనుమతితో మన దగ్గర భద్రంగా ఉండాలి. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో ప్రత్యేక చట్టమే వచ్చింది గనుక ఆ అనుమతి మొక్కుబడి వ్యవహారం కాదు. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో పంపే సందేశం మన నంబరు సేవ్ చేసుకున్నవారికే చేరుతుంది. వారు ఆ నంబరు దాచుకున్నారంటే మళ్లీ కొనే ఉద్దేశం ఉన్నట్టే.

ఇదంతా చేసే తీరిక ఎవరికుందన్న ప్రశ్న మిగులుతుంది. నెలకిన్ని పోస్టులని లెక్కగట్టే ఏజెన్సీకి అప్పగిస్తే మళ్లీ శుభాకాంక్షల దగ్గరికే వస్తాం. ఎందుకంటే కొనేవాళ్లు ఏమడుగుతారో ఏజెన్సీకి తెలియదు, కౌంటర్లో నిలబడేవారికి తెలుసు. విశాఖ కేంద్రంగా 1956 నుంచి నడుస్తున్న గిరిజన సహకార సంస్థనే తీసుకోండి. అరకు కాఫీ, అడవి తేనె అమ్మే సంస్థ అది. తేనె చలికి పేరుకోవడం సహజం. అయినా సీసా అడుగున గడ్డకట్టగానే పంచదార కలిపారని చాలామంది అనుమానిస్తారు. అలాంటి అనుమానానికి గుమాస్తా కౌంటర్లో చెప్పే జవాబునే, ఆయన మాటల్లోనే, ఫోన్లో రికార్డు చేసి పెట్టొచ్చు. అందుకు పట్టేది పది నిమిషాలు.