హెచ్చరిక ఇంటి భాషలో నుండవలెను

నూనె, వాయు కర్మాగారములలో పుట్టు పెనుమంటలను దైవికములని సరిపెట్టుకొనుట తగదు. వాని వెనుక ముందుగా కనిపెట్టదగిన కారణ మొకటి తరచుగా నుండును.

1997 సెప్టెంబరు 14వ తేదీ ఉదయమున విశాఖపట్టణపు హిందుస్థాన్ పెట్రోలియం శుద్ధి కర్మాగారములో, ఓడనుండి వంటగ్యాసు దింపుకొనుచుండగా వాయువు వెలువడి, నిప్పు తగిలి ప్రేలినది. సుమారు 60 మంది మరణించిరి. వంటగ్యాసు గాలికంటె బరువైనది. నేలబారున పల్లమునకు ప్రాకి, దూరమున నున్న నిప్పును సైతము చేరగలదు. 2014 జూన్ 27న, నాటి తూర్పు గోదావరి జిల్లా నగరం గ్రామములో గెయిల్ వారి గొట్టము పగిలి 20 మందికి పైగా అసువులు బాసిరి. పొడి వాయువునకై వేసిన గొట్టములో తేమగల వాయువు పారుటచే లోపల తుప్పు పట్టినదని విచారణలో తేలినది. 2009 అక్టోబరులో జైపూరు చమురు డిపో దగ్ధమైన పిదప, దూరమునుండియే మూయదగిన కవాటములు, వాయువును పసిగట్టు పరికరములు ఉండవలెనని ఎం. బి. లాల్ సంఘము సిఫారసు చేసినది.

కావున అపాయమును అంచనా వేయుటయనగా కొన్ని ప్రశ్నలకు ముందుగా జవాబు వెదకుటయే. సరకెంత నిలువ యున్నది? ఎచ్చట కారగలదు? గాలి ఎటు వీచును? ఆ పరిధిలో ఎన్ని గడప లున్నవి? ఈ కడపటి ప్రశ్నయే మనది.

శుద్ధి కర్మాగారము మనకు లేదుగదా యని తారానగర్ వాసులు అనవచ్చును. కాని మన సండూరు తాలూకాలోని తోరణగల్లున ఉక్కు పరిశ్రమ యున్నది. ఉక్కు తయారగుచోట కోకు బట్టీలనుండియు, బ్లాస్టు ఫర్నేసులనుండియు మండు వాయువులు పుట్టి గొట్టములలో పారును. వంటగ్యాసు లారీలు రహదారులపై తిరుగుచునే యున్నవి.

ప్రమాదకర రసాయనములను గూర్చిన 1989 నాటి నియమములు, పెనుప్రమాదమునకు అవకాశముగల కర్మాగారముల ఇరుగుపొరుగువారికి అపాయ స్వభావమును, చేయదగినదియు చేయరానిదియు తెలుపవలెనని విధించినవి. వెలుపలి రక్షణ ప్రణాళికను ఏటి కొకసారియైనను ఆచరించి చూడవలెననియు అందున్నది. అయితే తెలుపుటయనగా అర్థమగునట్లు తెలుపుట. మన ప్రాంతమున కన్నడము, తెలుగు, ఉర్దూ, లంబాడీ మాటలాడు కుటుంబములు కలిసి జీవించుచున్నవి; హిందీ మాత్రమే ఎరిగిన కార్మికులును కలరు. రాష్ట్రభాషయగు కన్నడము మనకు శిరోధార్యము. మేము కోరునది భాషాభిమానపు వాటా కాదు, ప్రాణరక్షణ. మంట ఏ యింటివారి మాతృభాషను విచారింపదు.

"వాసన తగిలినచో పొయ్యి వెలిగింపకుడు. స్విచ్చి ముట్టకుడు. గాలికి అడ్డముగా తొలగిపొండు." ఈ మూడు మాటలు ప్రతి వీధి గోడమీదను, ప్రతి పాఠశాలలోను, అందరి భాషలలోను ఉండవలెను. చదువురానివారికి దండోరా వేయింపవలెను. జిల్లా అధికారులును, పంచాయతీయు పూనుకొన్నచో తెలుగు అనువాదమును మేమే ఉచితముగా సమకూర్చెదము. సైరను మ్రోగిన పిమ్మట అర్థము చెప్పువారికై వెదకుట కంటె నేడే చెప్పించుకొనుట మేలు. సభ్యులు వచ్చు గ్రామసభలో ఈ ప్రశ్నను తప్పక లేవనెత్తుదురుగాక!