మళ్ళీ రమ్మన్నారు

వికలాంగుల పింఛను విషయమై మాకు వచ్చే ఉత్తరాలన్నింటిలోనూ కనబడే మాట ఒకటున్నది: "మళ్ళీ రమ్మన్నారు." ముప్కాల్ నుండి వచ్చినా, బోధను దిక్కునుండి వచ్చినా మాట అదే. వైద్యుల బోర్డు ముందుకు వెళ్ళి రావడానికి ఒక పనిదినం పోతుంది. తోడు వచ్చినవారి పనిదినం కూడా పోతుంది. అయినా ఆ రోజు తేలేది సాధారణంగా ఏమీ ఉండదు. అందుకని ఈ నెల ఈ పుటను ఆ నిరీక్షణకే కేటాయిస్తున్నాము.

ముందుగా కొన్ని సంగతులు. తెలంగాణలో ఆసరా పింఛన్లు 2014 నవంబరులో మొదలైనప్పుడు వికలాంగులకు నెలకు రూ. 1,500 ఇచ్చేవారు. 2019లో అది రూ. 3,016, 2023లో రూ. 4,016 అయినది. వైకల్యము నూటికి 40 పాళ్ళు ఉన్నదని వైద్యుల ధ్రువపత్రం ఉంటేనే ఈ సొమ్ము వస్తుంది. మన పల్లెల్లో అందరూ దానిని సదరెం సర్టిఫికెట్టు అంటారు. ఇప్పుడు యుడిఐడి కార్డు అనే మాట కూడా వింటున్నాము. పేరు ఏదైనా, కాగితం మీద వేసే ఆ అంకె మీదనే అంతా ఆధారపడి ఉంటుంది.

ముప్కాల్‌లో మాకు తెలిసిన ఒక తల్లి బీడీలు చుట్టి ఇల్లు నడుపుతున్నది. కుమారునికి పుట్టినప్పటినుండి రెండు కాళ్ళూ, ఒక చేయీ సరిగా స్వాధీనంలో లేవు. మొదట ఇచ్చినది తాత్కాలిక ధ్రువపత్రం. గడువు ముగిసిన తరువాత మళ్ళీ పరీక్షించి 38 శాతమని వ్రాశారు. రెండు పాళ్ళు తగ్గినందుకు పింఛను నిలిచిపోయినది. "సారూ, ఈ ఐదేండ్లల్ల నా కొడుకు కాళ్ళు ఏమన్న బాగైనయా?" అని ఆమె అడిగిన ప్రశ్నకు ఆ గదిలో జవాబు చెప్పినవారు లేరు. నెలనెలా ఆ డబ్బుతోనే కిరాణా దుకాణం పద్దు తీరేది. ఇప్పుడు పద్దు పెరుగుతున్నది. అంతకంటె బాధాకరమైనదేమంటే, ఆ అబ్బాయి రెండు పూటల అన్నం ఒక పూటకు తగ్గించుకున్నాడు. "నా వల్లనే కదా అమ్మా ఈ అప్పు" అంటాడట.

ఈ తల్లికి ఎవరూ చెప్పని సంగతి ఒకటున్నది. వికలాంగుల హక్కుల చట్టము 2016లో వచ్చి, 2017 ఏప్రిల్ నుండి అమలులో ఉన్నది. ధ్రువపత్రము నిరాకరించినా, శాతము తక్కువ వేసినా, దానిమీద అప్పీలు చేసుకొనే హక్కును 59వ సెక్షను ఇచ్చినది. నిర్ణయము వచ్చిన నాటినుండి 90 రోజుల లోపల అప్పీలు పెట్టుకోవాలి. పెట్టిన తరువాత 60 రోజులలో తేల్చవలెనని నిబంధనలు చెప్పుచున్నవి. అప్పీలుదారుని మాట వినకుండా తీర్పు చెప్పరాదు. బిడ్డ చిన్నవాడైతే తల్లిదండ్రులే పెట్టవచ్చును. నిరాకరించినప్పుడు కారణము కాగితము మీద వ్రాసి ఇవ్వవలసినదే. నోటిమాటతో "రాదు పో" అంటే చెల్లదు.

కాబట్టి మా మొదటి సలహా: 90 రోజుల లెక్క తప్పనివ్వకండి. మనవాళ్ళు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. వచ్చే నెల చూద్దామని, పెద్దమనిషి ఒకరు మాట్లాడతానన్నాడని ఆగుతారు, గడువు దాటిపోతుంది. అప్పీలు ఎవరి పేర వ్రాయాలో జిల్లా సంక్షేమ కార్యాలయంలోగాని, పింఛన్లు చూచే గ్రామీణాభివృద్ధి కార్యాలయంలోగాని అడిగి, చెప్పినది వ్రాసుకొని రండి. కొత్త ధ్రువపత్రపు నకలు, పాత దాని నకలు, దవాఖాన చీటీలు జతచేయండి. రెండు ప్రతులు తీసుకొనిపోయి, ఒకదానిమీద ముద్ర, తేదీ వేయించుకొని ఇంటికి తెచ్చుకోండి. ముద్రలేని కాగితము ఇచ్చినట్టు కాదు. సోమవారం కలెక్టరు కార్యాలయంలో జరిగే ప్రజావాణిలో కూడా దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోవచ్చును. కాని ప్రజావాణి దరఖాస్తు అప్పీలు కాదు. రెండూ వేరు వేరు.

అరవై రోజులు దాటినా ఉలుకు పలుకు లేకపోతే సమాచార హక్కు చట్టము, 2005 ఉన్నది. "నా అప్పీలు ఎవరి వద్ద ఉన్నది, ఏ తేదీన ఏమి చేశారు?" అని ఒక్క వాక్యము వ్రాస్తే చాలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు. 30 రోజులలో జవాబు ఇవ్వాలి. ఈ చిన్న కాగితానికి ఫైలు కదిలిన సందర్భాలు మేము చూచియున్నాము. అక్కడ కూడా కాకపోతే హైదరాబాదులో రాష్ట్ర వికలాంగుల కమిషనరుకు వ్రాయవచ్చును. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో వకీలు సహాయము వికలాంగులకు ఉచితం. 1987 చట్టము ప్రకారము అందుకు ఆదాయ పరిమితి కూడా అడ్డు రాదు. ఈ సంగతి మన పల్లెల్లో ఎంతమందికి తెలుసు?

ఇది మన జిల్లా కష్టమే కాదు. పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో 2025లో వికలాంగుల పింఛన్లను మళ్ళీ పరిశీలించి, 40 శాతానికి తక్కువ తేలినవారికి నోటీసులు ఇచ్చారు. ఎందరో మళ్ళీ ఆసుపత్రుల ముందు నిలబడవలసి వచ్చినది. సంపన్న దేశమైన అమెరికాలో సైతం 2017లో ఇటువంటి అప్పీలు విచారణకు రావడానికి సగటున 600 రోజులు పట్టినది. అనర్హులను ఏరివేయడం తప్పని మేము అనము. అయితే ఏరివేత జరిగేటప్పుడు అర్హుడు ఆకలితో కూర్చోవడం న్యాయం కాదు. అప్పీలు తేలేవరకు పింఛను ఆపకుండా ఉంటే ఈ బాధలో సగం ఉండదని మా అభిప్రాయము.

ఇంటి సంగతి కూడా చెప్పాలి. ఈ నెలల్లో వడ్డీకి అప్పు చేయకండి. పింఛను బకాయితో తీరుస్తామనే లెక్క ప్రమాదకరం. ఆగిన నెలల సొమ్ము తిరిగి వస్తుందని ఎవరైనా అంటే కాగితము మీద చూపమనండి. దుకాణదారునికి ఉన్న సంగతి ముందే చెప్పుకోవడం మేలు. మరొకటి: వికలాంగుడైన బిడ్డ వినేటట్టు ఖర్చుల మాట ఎత్తకండి. వారికి కాళ్ళు లేకపోవచ్చును గాని చెవులున్నవి.

బేతెస్ద కోనేటి దగ్గర పడియున్న, 38 ఏండ్లనుండి వ్యాధిగల మనిషి చెప్పుకున్నది, తనను నీళ్ళలోనికి దించేవారు లేరనే. మన సంఘాల్లో చదువుకున్న యౌవనులు ఉన్నారు, మోటారు సైకిళ్ళు ఉన్నవి. ముప్కాల్ తల్లి విషయంలో స్త్రీల సమాజమువారు చేసినది పెద్ద పనేమీ కాదు. బోర్డు రోజున ఒకరు ఆమె బీడీల చాట ముందు కూర్చున్నారు, ఒకరు అబ్బాయితోపాటు బస్సెక్కారు. పదవ తరగతి చదివిన అమ్మాయి అప్పీలు వ్రాసిపెట్టినది. 81వ రోజున అది చేరినది. ముద్రపడిన ప్రతి వారి ఇంట్లో రేషను కార్డుతో కలిపి ప్లాస్టిక్ సంచిలో ఉన్నది. విచారణకు పిలుపు ఇంకా రాలేదు.